రేడియేటర్‌లో మా సీమ రాయి

పల్నాడులో బండి వేడెక్కి రోడ్డు పక్కన ఆగిందంటే, దారిన పోయేవాళ్లు అడిగే మొదటి మాట "నీళ్లున్నాయా?" అనే. రెంటచింతల దాటాకనో, దాచేపల్లి దగ్గర హైవే మీదనో, మే నెల మిట్టమధ్యాహ్నం బానెట్ ఎత్తి నిలబడిన జీపునో ట్రాలీనో చూసి ఎవరూ మొహం తిప్పుకుని పోరు. పక్క చేలో మోటారు ఆడుతుంటే బిందె వస్తుంది. లేదంటే తాగడానికి తెచ్చుకున్న సీసాలో సగం వస్తుంది. నీటికి మొహం వాచిన సీమ కాబట్టి అడగకముందే నీళ్లిచ్చే గుణం మావాళ్లకు పుట్టుకతో వచ్చింది. ఆ గుణం మీద నాకు గౌరవం. అయినా ఆ బిందెడు నీళ్ల గురించే రాయాలనిపిస్తోంది. మా వైపు పాత ఇంజిన్లు పాడవడంలో ఎండ వాటా కొంతే, ఆ నీళ్ల వాటా చాలా పెద్దదని నా గట్టి నమ్మకం.

మా ఇంట్లో నాన్నగారి హయాం నాటి మహీంద్రా డీజిల్ జీపు ఉంది. పోత ఇనుప బ్లాకు, రాగీ ఇత్తడీ కలిసిన రేడియేటర్, దాని అతుకులన్నిటికీ సీసం తగరం కలిపిన టంకం. ఎరువుల బస్తాలు, మిరప కోతకు వచ్చే కూలీలు, కోటప్పకొండ తిరునాళ్లకు చుట్టాలు, నొప్పులు పడుతూ ఆస్పత్రికి బయల్దేరిన పక్కింటి అమ్మాయి, అందరినీ అన్నిటినీ మోసింది. దానికి ఎప్పుడూ పోసింది పెరట్లో బోరు నీళ్లే. ఆ రోజుల్లో అందరూ పోసింది అవే. నాన్నగారు పొద్దున్నే కాఫీ తాగి, రేడియేటర్ మూత తీసి, చెంబుతో మెడ దాకా నింపి గానీ తాళం తిప్పేవారు కాదు. ఆ బండి ఇన్నాళ్లు నిలిచిందంటే ఆ శ్రద్ధే కారణం. శ్రద్ధలో లోటు లేదు, చెంబులో నీళ్లలోనే ఉంది.

కిందటి వేసవి ముదరకముందే ఆ రేడియేటర్‌ను నరసరావుపేటలో విప్పించాను. మేస్త్రి గ్యాసు మంట పెట్టి పై ట్యాంకు టంకం కరిగించి, తడి గుడ్డతో పట్టుకుని పెకలించి పక్కన పెట్టాడు. వరసగా కనపడాల్సిన గొట్టాల నోళ్లలో కొన్ని అసలు కనపడలేదు. తెల్లగా, అంచుల్లో తుప్పు రంగుతో, పెచ్చు కట్టి మూసుకుపోయి ఉన్నాయి. ఆయన సన్నటి చదును కమ్మీ తీసి ఒక్కో గొట్టంలో దూర్చి పైకీ కిందికీ ఆడించడం మొదలుపెట్టాడు. గరగరమని చప్పుడు, కింద పరిచిన గోనెపట్టా మీద పొడి. నడుమ గోరంత పెచ్చు ఒకటి ఊడి పడింది. నేను రసాయన శాస్త్రం పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. పక్కన సోడా బండి దగ్గర నిమ్మచెక్క అడిగి తెచ్చి దాని మీద పిండాను. బుసబుసమని నురుగు లేచింది.

"ఏంది మాస్టారూ అది?" అన్నాడు మేస్త్రి.

"సున్నపురాయి. పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చేదీ ఇదే."

ఆయన పెచ్చును వేళ్ల మధ్య నలిపి చూశాడు. "మరి ఇందులోకి ఎట్టా వచ్చింది?"

కరిగి వచ్చింది. పల్నాడు నేల అడుగున చాలామేర పరుచుకున్నది సున్నపురాయే. భూగర్భ శాస్త్రం నార్జి సున్నపురాయి అని పిలిచే ఆ పొరలే మా ఇళ్లకు గచ్చులయ్యాయి, అరుగులయ్యాయి, సిమెంటు ఫ్యాక్టరీలకు ముడిసరుకయ్యాయి, పిడుగురాళ్లలో సున్నమయ్యాయి. వాన నీరు గాలిలోంచీ మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కాస్త ఆమ్లగుణం తెచ్చుకుంటుంది. రాతి నెర్రెల్లోకి దిగుతూ ఆ రాయిని కొంచెం కొంచెంగా బైకార్బనేట్ రూపంలో కరిగించుకుంటుంది. బోరులోంచి పైకొచ్చేది ఆ నీరే. చూపుకు తేటగానే ఉంటుంది. వేడి తగలగానే కార్బన్ డయాక్సైడ్ విడిపోయి ఎగిరిపోతుంది, కరిగిన రాయి మళ్లీ రాయిగా పేరుకుంటుంది. నీళ్లు కాచే గిన్నె అడుగునా గీజరు కాయిల్ మీదా మా ఆడవాళ్లు గీకి గీకి విసిగిపోయేది దాన్నే. పిడుగురాళ్ల బట్టీలో 900 డిగ్రీల వేడి పెట్టి రాయిలోంచి ఆ వాయువును తరిమితే రాయి సున్నమవుతుంది. ఇంజిన్లో 80, 90 డిగ్రీల వేడికే నీళ్లలోంచి అది పోతే, ఆ నీళ్లలో ఉన్నది రాయవుతుంది.

శ్రీనాథుడిదని చెప్పుకునే ఒక చాటువులో ఈ సీమ నీళ్లనూ రాళ్లనూ పక్కపక్కనే కూర్చోబెట్టారు. కవి ఇక్కడి తిండికీ ఎండకీ విసిగి అన్నాడని అందరూ చెబుతారు. విసుగు మాట ఎలా ఉన్నా, నాకు మాత్రం ఆ పద్యం గుర్తొచ్చినప్పుడల్లా ఆ రెంటినీ పక్కన పెట్టడం సరైన పరిశీలనగా తోస్తుంది. నాగులేటి గట్టున నిలబడి చూస్తే నీరు రాతిని తొలుచుకుంటూ పోతున్నదని ఎవరికైనా తెలుస్తుంది. ఆ తొలిచింది ఎటు పోతుందన్నదే మనం పట్టించుకోని సంగతి. కొంత కృష్ణలో కలుస్తుంది. కొంత మా జీపులో చేరింది.

ఇంజిన్లో సున్నం పేరుకునే తీరు మరీ అన్యాయంగా ఉంటుంది. ఎక్కడ వేడి ఎక్కువో అక్కడే ముందు కడుతుంది: సిలిండర్ గోడ వెనక, హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ. పోత ఇనుములో వేడి ప్రయాణించేంత సులువుగా సున్నపు పెచ్చులో ప్రయాణించలేదు. రెంటినీ పోల్చితే పెచ్చు సామర్థ్యం ఇరవయ్యో వంతుకు అటూఇటూగా ఉంటుంది. కాబట్టి మిల్లీమీటరు మందాన పొర కట్టినా, ఆ చోట ఇనుము గోడను ఇంకో ఇరవై మిల్లీమీటర్లు లావు చేసినంత పని. మీటర్ ముల్లు మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే అది చూసేది నీటి వేడిని. వాల్వు పక్క లోహం మాత్రం లోలోపల కాలిపోతుంటుంది. ఆఖరికి హెడ్ గాస్కెట్ పోయినప్పుడు, "ఎండకు పోయింది" అని ఎండ మీదకు నెట్టేస్తాం.

సున్నం లేని నీళ్లు పోస్తే చాలా అంటే, చాలవు. ఇనుము, ఇత్తడి, రాగి, టంకం, కొన్నిచోట్ల అల్యూమినియం, ఇన్ని లోహాలు ఒకే నీటిలో తడుస్తూ ఒకదానికొకటి తగిలి ఉంటే ఆ అమరిక తనంతట తానే ఒక చిన్న బ్యాటరీ అవుతుంది. బలహీనమైన లోహం కరుగుతూ పోతుంది. నీటిలోని ఆక్సిజన్ తుప్పు పట్టిస్తుంది, ఆ తుప్పు మడ్డి రేడియేటర్ అడుగు ట్యాంకులో దిగుతుంది. అందుకే కూలెంట్ కావాలి.

ఇక్కడే మా వాళ్లంతా నన్ను ఆపేస్తారు. "మంచు పడే దేశాల వాళ్లకు కదండీ అది, మనకెందుకు?" అని. డబ్బా మీద గడ్డకట్టకుండా కాపాడుతుందని రాసి ఉంటుంది కాబట్టి ఆ మాట అనడం సహజమే. గుంటూరులో నీళ్లు గడ్డకట్టడం ఫ్రిజ్‌లో తప్ప ఎవరూ చూడలేదు. కానీ ఆ డబ్బాలోని ముఖ్య ద్రవం ఇథిలీన్ గ్లైకాల్. దాన్ని 19వ శతాబ్దం నడుమ వుర్ట్జ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మొదట తయారు చేశాడు. చాలాకాలం ప్రయోగశాల వస్తువుగానే ఉండిపోయిన ఆ ద్రవాన్ని విమాన ఇంజిన్ల వాళ్లు గట్టిగా పట్టుకోవడానికి కారణం వేడే. నీరు 100 డిగ్రీలకు మరిగితే గ్లైకాల్ 197 డిగ్రీలకు గానీ మరగదు. ద్రవం ఎక్కువ వేడిని తట్టుకుంటే రేడియేటర్ చిన్నది చేసుకోవచ్చు, గాలికి అడ్డం తగ్గుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో పేరుపడ్డ రోల్స్‌రాయిస్ మెర్లిన్ ఇంజిన్‌కు మొదట్లో అచ్చంగా గ్లైకాలే పోసేవారు, తర్వాత 70 పాళ్ల నీటికి 30 పాళ్ల గ్లైకాల్‌కు మారారు. ఆ మార్పులో కూడా పాఠం ఉంది. వేడిని మోయడంలో నీటిని మించింది లేదు, గ్లైకాల్ మోసేది నీరు మోసేదానిలో సగానికి కాస్త ఎక్కువ. గ్లైకాల్ పెరిగేకొద్దీ మరిగే స్థాయి పెరుగుతుంది, మోసే శక్తి తగ్గుతుంది.

కాబట్టి మన ఎండకు చల్లటి దేశాల కొలత అక్కర్లేదు. సగానికి సగం కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. పల్నాడులో ఆ 37కు మైనస్ ఎప్పుడూ ఉండదు. మూడింట ఒక వంతు కూలెంట్, రెండు వంతులు శుద్ధమైన నీరు మాకు సరిపోతుంది. అంతకన్నా పలచన చేస్తే అందులోని తుప్పు మందుల బలం చాలదు. ముందే కలిపి అమ్మే రకమైతే దానికి చుక్క నీరు కూడా చేర్చకూడదు.

నిజానికి ఆ తుప్పు మందుల కోసమే నేను కూలెంట్ కొంటాను. గ్లైకాల్‌లో కలిపిన కొద్దిపాటి లవణాలే లోహం మీద కాపు కాస్తాయి. అవి ఎంత పని చేస్తున్నాయో కంటికి కనిపించదు. టైరు మారిస్తే కనపడుతుంది, సీటు కవరు వేయిస్తే ఇంట్లో వాళ్లు మెచ్చుకుంటారు. కూలెంట్ మారిస్తే ఏమీ జరగదు, ఏమీ జరగకపోవడం కోసమే దాన్ని పోస్తాం. సాగర్ కుడి కాలువ మీద లస్కరు పని ఇలాంటిదే. కట్ట మీద నడుస్తూ ఎలుక బొరియలు చూసి పూడ్చే మనిషి పేరు ఆయకట్టులో ఎవరికీ తెలియదు, గండి పడిన రోజున మాత్రం ఆయన ఎక్కడ అని అడుగుతారు. ఇలాంటి పనికి డబ్బు పెట్టడానికి మనసు ఒప్పదు. నాకూ తెలుసు, నోట్లను రంగునీళ్లుగా పోస్తున్నట్టుంటుంది. హెడ్ విప్పి లేతు మీద పట్టించడానికయ్యే ఖర్చు పక్కన పెట్టి చూసుకుంటే ఆ బాధ పోతుంది.

దుకాణంలో అడిగే ప్రశ్న మాత్రం తప్పుడు ప్రశ్న. "ఎరుపా, పచ్చా?" అంటారు. రంగు కేవలం రంగు. కారుతుంటే కనపడటానికీ, ఒక కంపెనీ సరుకును మరోదాని నుంచి వేరుగా గుర్తుపట్టడానికీ కలిపిన అద్దకం. ఏ రంగులో ఏ మందులుండాలన్న నియమం ప్రపంచంలో ఎక్కడా లేదు. ఒకడి పచ్చలో ఉన్నది ఇంకొకడి ఎరుపులో ఉండొచ్చు. డబ్బా తిప్పి వెనక చదవాలి. ఐఎస్ 5759, జేఐఎస్ కె 2234, ఏఎస్‌టీఎం డి 3306 లాంటి ప్రమాణం సంఖ్య ఏదైనా ఉందా, లోపల ఏ రకం మందులు, ఎన్నేళ్లకు మార్చమన్నారు, ఇవీ చూడాల్సినవి. ఏమీ రాయని డబ్బాలో ఉన్నది రంగునీళ్లే అయినా నేను ఆశ్చర్యపోను.

మందుల్లో పాత తరం ఒకటి ఉంది. సిలికేట్, ఫాస్ఫేట్ లాంటి అకర్బన లవణాలు. పోసిన వెంటనే లోహమంతటా పలుచని పొర పరుస్తాయి, ఆ పొర వేయడంలోనే తామూ ఖర్చయిపోతాయి. అందుకే రెండేళ్లకు మార్చాలి. కొత్త తరంలో సేంద్రియ ఆమ్లాల లవణాలుంటాయి. జనరల్ మోటార్స్ 1995లో నారింజ రంగులో తెచ్చినప్పటినుంచి ఇవి పేరుకెక్కాయి. తుప్పు మొదలైన చోటనే పనిచేస్తాయి కాబట్టి నిదానంగా ఖర్చయి అయిదేళ్ల దాకా వస్తాయి. రెంటినీ కలిపిన సంకర రకాలు కూడా వచ్చాయి. కొత్త కారుకు సేంద్రియ రకం నిస్సందేహంగా మేలు. కానీ మా జీపు లాంటి రాగి రేడియేటర్‌కు, సీసం కలిసిన టంకానికి, పాత రబ్బరు సీళ్లకు అది కుదరదని చాలామంది చెబుతారు, ఆ లోహాలను దృష్టిలో పెట్టుకుని చేసింది పాత రకమే. అయిదేళ్లు అనే మాటకు ఆశపడి ముసలి బండికి కొత్త మందు పోయడం నాకు ఇష్టం లేదు. రెండేళ్లకోసారి మార్చుకుంటాను. ఆ వంకన రెండేళ్లకోసారి గొట్టాలూ క్లిప్పులూ బెల్టూ చూడటం కూడా అవుతుంది.

ఈ మందుల ఎంపికలో దేశదేశాల నీటి చరిత్ర ఉందన్న సంగతి చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. యూరప్‌లో చాలా చోట్ల నీరు మన పల్నాడు నీరులాంటిదే, సున్నం ఎక్కువ. ఫాస్ఫేట్ ఉన్న కూలెంట్‌లో ఆ నీళ్లు కలిపితే కాల్షియం ఫాస్ఫేట్‌గా విరిగి అడుగున దిగుతుంది. అందుకని అక్కడి కంపెనీలు ఫాస్ఫేట్ వద్దనుకుని సిలికేట్‌ను పెట్టుకున్నాయి. జపాన్ వాళ్లు సిలికేట్ వాటర్ పంపు సీలును అరగదీస్తుందని దాన్ని వదిలి ఫాస్ఫేట్‌ను పెట్టుకున్నారు. మన రోడ్ల మీద రెండు సంప్రదాయాల బండ్లూ తిరుగుతున్నాయి, మన దుకాణాల్లో రెండు రకాల డబ్బాలూ ఒకే అరలో ఉంటాయి. పిడుగురాళ్ల మనిషి జపాన్ పద్ధతి కూలెంట్ కొని తన బోరు నీళ్లు కలిపితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అందుకే నీటి దగ్గర నేను రాజీ పడను. బ్యాటరీల దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్ క్యాను తెస్తాను. ఇప్పుడు మా ఊళ్లలో బోరు నీళ్లు తాగేవాళ్లు తగ్గిపోయారు, వినుకొండ వైపు ఫ్లోరైడ్ కాళ్లు వంకర చేసిన మనుషులను చూశాక ఎవరు తాగుతారు? వీధి చివర ప్లాంటు నుంచి 20 లీటర్ల టిన్ను ఇంటింటికీ వస్తోంది. మన ఒంటికి పనికిరావని వదిలేసిన నీళ్లను బండికి పోయడం ఎందుకని అడిగితే మాత్రం అందరూ నవ్వుతారు. దారిలో వేరే గతి లేనప్పుడు ఆ టిన్ను నీళ్లు పోసుకున్నా బోరు నీటి కన్నా ఎంతో నయం.

ఇక మార్చడం. బండి పూర్తిగా చల్లారాలి. వేడి మీద మూత తిప్పి మొహం కాల్చుకున్నవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. ఒత్తిడి పోగానే లోపలి నీరు ఒక్కసారి మరిగి ఆవిరితో పాటు పైకి చిమ్ముతుంది. రేడియేటర్ కింద కొళాయి ఒక్కటీ తిప్పితే సరిపోదు, బ్లాకు పక్కన ఉండే డ్రెయిన్ ప్లగ్ కూడా విప్పాలి. ఎక్కువమంది దాని జోలికి పోరు. మా జీపుకు ఆ ప్లగ్ తీసినా చుక్క రాలేదు. మేస్త్రి ఇనుప తీగతో పొడిచాడు, ముందు ఎర్రటి ముద్ద, దాని వెనక ఎర్రటి నీళ్లు.

కడగడానికి నిమ్మ ఉప్పు కరిగించి పోసి, ఇంజిన్‌ను కాసేపు ఆడించి, దింపేసి, వంటసోడా నీళ్లతో మరోసారి తొలిచి, ఆ తర్వాత శుద్ధమైన నీళ్లతో బయటికి తేట వచ్చేదాకా కడిగాం. పాత బండికి ఈ పని చేసేటప్పుడు ఒక సంగతి తెలిసి ఉండాలి. ఏళ్ల తరబడి పేరుకున్న సున్నమే కొన్ని చిల్లులను మూసి ఉంచుతుంది. అది కరిగితే కారడం మొదలవుతుంది. మా జీపులోనూ కింది ట్యాంకు మూల చెమ్మ కనపడింది. "పసుపు వేద్దామా మాస్టారూ, రెండు గుప్పెళ్లు?" అన్నాడు మేస్త్రి. మా లారీ డ్రైవర్ల పాత చిట్కా అది, రేడియేటర్లో పసుపు పోస్తే ఉబ్బి సన్న చిల్లులను పూడుస్తుంది, అడవి దారిలో చిక్కుకున్నప్పుడు బండిని ఊరు చేరుస్తుంది. అడవి దారిలోనైతే నేనూ వేస్తాను. నరసరావుపేట నడిబొడ్డున, గ్యాసు మంట చేతిలో ఉన్న మనిషి పక్కన కూర్చుని పసుపెందుకు? టంకం పెట్టించాను.

ఇంజిన్ వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌కు పోకుండా ఆపే థర్మోస్టాట్ దగ్గర మాత్రం ఇద్దరికీ కొంత వాదన జరిగింది. "తీసేద్దాం. ఇక్కడికొచ్చే పాత జీపుల్లో ఒక్కదానిక్కూడా లేదు. ఎండాకాలం చల్లగా తిరుగుద్ది," అన్నాడు. ఆయన అనుభవం అబద్ధం కాదు, చెడి మూసుకుపోయిన థర్మోస్టాట్ ఎన్నో ఇంజిన్లను కాల్చింది. కానీ డీజిల్ ఇంజిన్ మరీ చల్లగా తిరిగినా నష్టమే. డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్ మడ్డి కడుతుంది, సిలిండర్లు అరుగుతాయి. "పనిచేస్తుందో లేదో చూసి చెప్పండి మేస్త్రి గారూ, చెడితే కొత్తది వేద్దాం," అన్నాను. ఆయన టీ కాచుకునే స్టవ్ మీద గిన్నెలో నీళ్లు పెట్టి, థర్మోస్టాట్‌ను దారానికి కట్టి వేలాడదీశాడు. నీళ్లు సన్నగా బుడగలు కట్టే వేళకు అందులోని మైనం ఉబ్బి, ఇత్తడి పళ్లెం మెల్లగా లేచింది. పైకి తీస్తే చల్లారి మళ్లీ మూసుకుంది. "బతికే ఉంది," అని ఆయనే తీసుకెళ్లి కొత్త గాస్కెట్‌తో బిగించాడు. అంత నికార్సుగా ఒప్పుకునే మనిషి చేతిలో బండి పెట్టడం అదృష్టం.

మూత విషయం చిన్నదే గానీ చెప్పి తీరాలి. మూతలోని స్ప్రింగు లోపల ఒత్తిడి నిలుపుతుంది, ఆ ఒత్తిడి వల్ల మరిగే స్థాయి పెరుగుతుంది. అర బార్ ఒత్తిడికి అచ్చం నీళ్లు కూడా 111 డిగ్రీల దాకా మరగవు. అలాగని కొత్త కార్లకుండే ఎక్కువ ఒత్తిడి మూత తెచ్చి పాత రేడియేటర్‌కు పెడితే టంకం అతుకులు విచ్చుకుంటాయి. దానికి ఎంత రాసి ఉందో అంతే. రబ్బరు వాషరు ఎండిపోతే మూత మార్చాలి, దాని ధర పెద్దదేమీ కాదు.

నింపేటప్పుడు తొందర పనికిరాదు. మెల్లగా పోసి, మూత తీసి ఉంచే ఇంజిన్ ఆడించాలి. పై గొట్టం చేతికి వేడి తగిలిందంటే థర్మోస్టాట్ తెరుచుకుంది, లోపల చిక్కిన గాలి బుడగలుగా వస్తుంది, మట్టం దిగుతుంది, మళ్లీ పోయాలి. పాత జీపులకు పొంగిన నీటిని పట్టే సీసా పక్కన ఉండదు కాబట్టి మెడ దాకా నింపకూడదు, వ్యాకోచించి బయటికి పోతుంది. వేలెడు ఖాళీ వదలాలి. పని ముగిశాక బానెట్ లోపలివైపు పెయింటుతో తేదీ, రకం, పాళ్లు రాయించాను. రేపు ఎవరి చేతికి వెళ్లినా వేరే రకం తెచ్చి కలపకుండా ఉండాలి. కలిపితే ఒకదాని మందు ఇంకొకదాన్ని చెడగొడుతుంది, ఒక్కోసారి జిగురులా గడ్డకట్టి రేడియేటర్ గొట్టాలకు అడ్డం పడుతుంది.

ఇదంతా ఒక ఎత్తు, దింపిన పాత కూలెంట్ ఒక ఎత్తు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. వాకిట్లో ఒలికితే కుక్క నాకుతుంది, మేకపిల్ల నాకుతుంది, పాకే బిడ్డ వేలు పెట్టి నోట్లో పెట్టుకుంటుంది. కొద్దిగా పోయినా చాలు, కాలేయం దాన్ని ఆక్సాలిక్ ఆమ్లం దాకా మారుస్తుంది, ఆ ఆమ్లం రక్తంలోని కాల్షియంతో కలిసి మూత్రపిండాల్లో స్ఫటికాలుగా పేరుకుంటుంది. ఇంజిన్లో రాయి కట్టకుండా పోసిన ద్రవం ప్రాణి ఒంట్లో రాయి కడుతుంది. మొదట తాగినట్టు తూలడమే కనపడుతుంది, అసలు ముప్పు ఆ తర్వాత వస్తుంది. ఎవరైనా తాగారని అనుమానం వస్తే లక్షణాల కోసం చూడకుండా ఆ క్షణమే ఆస్పత్రికి తీసుకెళ్లి, డబ్బాను కూడా చూపించాలి. చల్లటి నీళ్ల సీసాల్లో కూలెంట్ పోసి అరుగు మీద పెట్టే అలవాటు మా వైపు చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. దింపింది మూతున్న డబ్బాలో పోసి, పేరు రాసి, షెడ్డులో పాత ఆయిల్ కొనేవాళ్లకు అప్పగించాలి గానీ కాలువలో, చేలో, బోరు పక్కన పోయకూడదు. పోసింది మళ్లీ ఆ రాతి నెర్రెల్లోంచే బిందెలోకి వస్తుంది.

ఇప్పుడు మా తమ్ముడి ట్రాక్టర్ మీద పడ్డాను. మాచర్ల వైపు పత్తి చేలల్లో రోజంతా దున్నే బండి, దానికీ బోరు నీళ్లే. ట్రాక్టర్లకు కూలెంట్ ఎవరు పోస్తారన్నా అంటాడు. తడి లైనర్లు, అంటే బయటివైపు నేరుగా నీరు తగిలే సిలిండర్ గొట్టాలు, ఉన్న డీజిల్ ఇంజిన్‌కే అది ఇంకా ఎక్కువ అవసరమని నేనంటాను. లైనర్ ఒక్కో పేలుడుకూ గంటలా కంపిస్తుంది, ఆ కంపనానికి దాని వెలుపలి గోడ మీద నీటిలో సన్నని ఆవిరి బుడగలు పుట్టి చిట్లుతాయి, చిట్లిన ప్రతిచోటా ఇనుము సూదిమొనంత రాలుతుంది. కొన్నేళ్లకు లైనర్‌కు చిల్లు పడి నీళ్లు ఆయిల్‌లోకి దిగుతాయి. దానికి నైట్రైట్ కలిసిన, బరువు ఇంజిన్ల కోసం చేసిన కూలెంట్ వేరే ఉంది. పత్తి డబ్బు చేతికొచ్చాక చూద్దామన్నాడు. దసరా వెళ్లాక డ్రెయిన్ ప్లగ్ విప్పడానికి రెంచీ తీసుకుని నేనే వెళ్తున్నాను.